సైప్రస్ వెళ్తే ఒక ఆదివారం మిగుల్చుకోండి



మార్చి బ్రేక్ దగ్గర పడుతోందంటే మన గ్రూపులో ఏటా ఒకటే ప్రశ్న: "ఈసారి ఎక్కడికి?" జవాబులూ అవే. క్యూబా, పుంటా కానా, కాన్‌కూన్. నవంబరు నుంచి మంచు ఎత్తిపోసి నడుం పట్టేసిన మనిషికి ఎండా, సముద్రం, ఎవరో వండి పెట్టే భోజనం ఉంటే చాలనిపించడం న్యాయమే. నేను తప్పు పట్టను. పోయినేడు మాత్రం మేం కాస్త దూరం వెళ్ళాం. మధ్యధరా సముద్రానికి తూర్పు మూలన ఉన్న సైప్రస్ దీవికి. వచ్చిన దగ్గర్నుంచీ "ఎలా ఉంది? ఏం తిన్నారు? అత్తగారిని ఎలా తిప్పారు?" అని అడుగుతూనే ఉన్నారు. ఒక్కొక్కరికీ వాయిస్ మెసేజీ పెట్టే ఓపిక లేక ఈ నెల ముచ్చట్లన్నీ దానికే ఇచ్చేస్తున్నాను.

మేం అయిదుగురం. నేను, మా వారు, పిల్లలిద్దరు, మా అత్తయ్యగారు. ఆవిడది నరసాపురం దగ్గర పల్లె. సూపర్ వీసా మీద మా దగ్గరికి వచ్చి ఉన్నారు. ఆవిడ ఊరు ముందే ఎందుకు చెప్తున్నానంటే, ఈ ప్రయాణంలో మేం తెలుసుకున్న వాటిల్లో సగం ఆవిడ పక్కనుండబట్టే తెలిశాయి.

ముందు కాగితాల సంగతి

కెనడా పాస్‌పోర్టు ఉన్నవాళ్ళకి 90 రోజుల లోపు సైప్రస్ వీసా అక్కర్లేదు. ఇండియా పాస్‌పోర్టు అయితే కావాలి. పీఆర్ కార్డు ఉంది కదా అని ధీమాగా ఉండకండి, టికెట్లు కొనకముందే వీసా నియమాలు చూసుకోండి. టొరొంటో నుంచి నేరుగా విమానం లేదు. ఏథెన్సులోనో లండన్‌లోనో మారి లార్నకాలో దిగాలి. పెద్దవాళ్ళుంటే మారేచోట కనీసం మూడు గంటలు ఉండేలా చూసుకోండి. వీల్‌చెయిర్ ముందే చెప్పి పెట్టండి, మొహమాటం వద్దు.

దిగాక కారు అద్దెకు తీసుకోవడం మేలు. దీవి మొత్తం 9,251 చదరపు కిలోమీటర్లు. మన పాత తూర్పు గోదావరి జిల్లా కంటే కూడా చిన్నది. ఈ కొసనున్న అయ్యా నాపా నుంచి ఆ కొసనున్న పాఫోస్‌కి హైవే మీద రెండు గంటల్లో వెళ్ళిపోవచ్చు. కాకపోతే అక్కడ బండి ఎడమ పక్కన నడపాలి. 1878 నుంచి 1960 దాకా బ్రిటిషు వాళ్ళ ఏలుబడిలో ఉంది కాబట్టి ఆ అలవాటూ, మూడు కాళ్ళ ప్లగ్గులూ అలాగే మిగిలిపోయాయి. పదిహేనేళ్ళుగా ఒంటారియో రోడ్ల మీద తిరిగిన మా వారికి మొదటి రోజు రౌండెబౌట్ల దగ్గర చెమటలు పట్టాయి. వెనక సీట్లోంచి అత్తయ్యగారు మాత్రం "ఇన్నాళ్ళకి సరైన పక్కన నడుపుతున్నావురా" అన్నారు.

సముద్రం, కొండ, ఎర్రపువ్వులు

బీచ్ కోసమే వెళ్ళేవాళ్ళు అయ్యా నాపాలో నిస్సీ బీచ్, ప్రొటారస్‌లో ఫిగ్ ట్రీ బే చూడండి. తెల్లని ఇసుక, అడుగు కనిపించే నీళ్ళు. మనం విశాఖలోనో అంతర్వేదిలోనో చూసి పెరిగిన అలలు అక్కడ ఉండవు. మధ్యధరాలో ఆటుపోట్లు చాలా తక్కువ. చిన్నపిల్లల్ని దింపడానికి భయం ఉండదు. మార్చిలో మాత్రం నీళ్ళు చల్లగా ఉంటాయి. మా పిల్లలు "లేక్ హ్యూరాన్ కంటే నయం" అని దిగేశారు, పెద్దవాళ్ళం మోకాళ్ళ దాకా తడుపుకుని ఊరుకున్నాం. ఈత ముఖ్యమనుకుంటే మే నెలా, అక్టోబరూ మంచివి. జులై, ఆగస్టు ఎండలు మన రాజమండ్రి ఎండలకి తీసిపోవు.

పాఫోస్ వెళ్ళే దారిలో రోడ్డు పక్కనే నీళ్ళలోంచి లేచిన పెద్ద బండ ఉంటుంది. గ్రీకుల ప్రేమదేవత ఆఫ్రొడైటీ అక్కడి నురుగులోంచి పుట్టిందని చెప్తారు. అక్కడ ఇసుక కాదు, గులకరాళ్ళు. చెప్పులు ఉంచుకోండి. లార్నకా విమానాశ్రయం పక్కనే ఉప్పు సరస్సు ఉంది. చలికాలంలో ఫ్లెమింగోలు వస్తాయి. మేం వెళ్ళేసరికి ఇంకా కొన్ని మిగిలి ఉన్నాయి.

తీరం వదిలి గంట సేపు పైకెక్కితే ట్రూడోస్ కొండలు. అన్నిటికంటే ఎత్తైన శిఖరం 1,952 మీటర్లు. శీతాకాలంలో అక్కడ మంచు పడుతుంది, స్కీయింగ్ కూడా ఉంది. "మంచు తప్పించుకుందామని వస్తే ఇక్కడా మంచేనా?" అని మా పాప కోప్పడింది. ఆ కొండ పల్లెల్లో బయటికి గోశాలల్లా కనిపించే పెంకుటి కప్పుల చిన్న చిన్న చర్చిలున్నాయి. లోపలికి అడుగు పెడితే గోడలూ పైకప్పూ ఖాళీ లేకుండా బొమ్మలే. వాటిల్లో పదింటిని యునెస్కో వారసత్వ సంపదగా గుర్తించింది.

మార్చి, ఏప్రిల్‌లో వెళ్తే ఇంకో లాభం ఉంది. గ్వెల్ఫ్‌లో గడ్డి ఇంకా గోధుమ రంగులో పడుకుని ఉంటే, అక్కడ ఆలివ్ తోటల కింద పొలాల నిండా ఎర్రటి పాపీ పూలు. నవంబరులో మనందరం కోటుకి తగిలించుకునే పువ్వు అదే. ఆ పువ్వుని కవితలో పెట్టి లోకానికి గుర్తుండేలా చేసిన డాక్టర్ జాన్ మెక్రే 1872లో పుట్టింది మన గ్వెల్ఫ్‌లోనే కదా. మ్యూజియం చేసిన ఆయన ఇంటికి మన పిల్లలందరూ బడి నుంచి వెళ్ళి వచ్చినవాళ్ళే. మా బాబు ఆ పూల మధ్య నిలబడి "ఇక్కడ కూడా యుద్ధం జరిగిందా?" అని అడిగాడు. జరిగింది. ఆ సంగతికి తర్వాత వస్తాను.

పొలంలో దొరికిన బొమ్మలు, పళ్ళెంలో దొరికిన చేమదుంపలు

చరిత్ర అంటే ఆవులించే పిల్లలున్నా సరే, పాఫోస్‌లో మొజాయిక్‌లు చూపించండి. 1962లో పొలం పనుల్లో అనుకోకుండా బయటపడ్డ రోమన్ల కాలం నాటి ఇళ్ళ నేలలవి. వేళ్ళ గోరంత రంగు రాళ్ళతో పరిచిన కథలు. ఒక నేల మీద ద్రాక్షసారా దేవుడు డయోనిసస్ చిరుతపులులు లాగే రథం మీద ఊరేగుతుంటాడు. ఆయన ఇండియాని జయించి తిరిగొస్తున్న ఊరేగింపట అది! వాళ్ళ పురాణంలో మనం అలా చేరాం. అత్తయ్యగారు ఆ బొమ్మ చుట్టూ ఉన్న చెక్క వంతెన మీద నిలబడి చాలాసేపు చూసి, "మనవాళ్ళని ఓడించాడని వీళ్ళే చెప్పుకున్నారు గానీ, మనకెవరూ చెప్పలేదే" అన్నారు.

రాగికి పేరిచ్చిన దీవి కూడా ఇదే. లాటిన్‌లో రాగిని క్యూప్రమ్ అన్నది సైప్రస్ పేరు మీదనే. లిమసోల్ దగ్గర కొలొస్సీ కోట పక్కన మధ్యయుగాల నాటి చెరుకు గానుగ శిథిలాలున్నాయి. అప్పట్లో యూరప్‌కి పంచదార ఇక్కడి నుంచి వెళ్ళేది.

శాకాహారులు భయపడనక్కర్లేదు. ఈస్టర్ ముందు నలభై రోజులూ అక్కడి ఆర్థడాక్స్ క్రైస్తవుల ఉపవాస దినాలు. మాంసం, పాలు, గుడ్లు లేని వంటలు చాలా హోటళ్ళలో దొరుకుతాయి. "నిస్టీసిమా" అని అడగండి, అర్థమవుతుంది. ఆకుకూర వేసి ఉడికించిన బొబ్బర్లు పెడతారు, పైన ఆలివ్ నూనె, నిమ్మకాయ. ఇంకో చోట టమాటాతో వండిన దుంపలకూర వచ్చింది. అత్తయ్యగారు ఒక ముక్క నోట్లో పెట్టుకుని "ఇవి చేమదుంపలు!" అన్నారు. నిజమే. కొలొకాసి అని పిలుస్తారు, అక్కడ పండిస్తారు కూడా. హలూమీ అనే జున్ను ఎలాగూ మన సూపర్‌మార్కెట్లలో దొరికేదే, పెనం మీద వేసినా కరగదు. అసలు ఊళ్ళో తింటే రుచి వేరు. ఊళ్ళలో చెట్లకి ఎండు చింతకాయల్లా నల్లగా వేలాడేవి క్యారబ్ కాయలు. వాటి పాకం ఒక సీసా తెచ్చుకోండి, దోసెలోకి బాగుంటుంది.

లెఫ్కరాలో లేసు

ఇక మీరు తప్పక వెళ్ళాల్సిన ఊరు. లార్నకాకీ లిమసోల్‌కీ మధ్య కొండల్లో లెఫ్కరా ఉంది. రాతి ఇళ్ళు, ఎర్ర పెంకులు, కార్లు పట్టని సందులు. ఆ సందుల్లో కుర్చీలు వేసుకుని, ఒళ్ళో గుడ్డ పెట్టుకుని, మాట్లాడుకుంటూ పని చేసుకునే ఆడవాళ్ళు. అక్కడి లేసుని లెఫ్కరీటికా అంటారు. 2009లో యునెస్కో దాన్ని సాంస్కృతిక వారసత్వాల పట్టికలో చేర్చింది. నార గుడ్డలోంచి పోగులు తీసేసి, ఆ ఖాళీల్ని సూదితో నింపుతారు. వంకీలు తిరుగుతూ పోయే ఒక నమూనాకి "పొటామొస్" అని పేరు. నది అని అర్థం.

అత్తయ్యగారు ఆగిపోయారు. మేం నాలుగిళ్ళు ముందుకెళ్ళి వెనక్కి చూస్తే, ఆవిడ ఒక ముసలావిడ పక్కన ఖాళీ కుర్చీలో కూర్చుని ఉన్నారు. ఈవిడకి గ్రీకు రాదు, ఆవిడకి తెలుగు రాదు. ఇద్దరూ గుడ్డని వెనక్కి తిప్పి చూసుకుంటున్నారు. ముందు వైపు ఎవరైనా బాగా చేస్తారు, పనితనం వెనక తెలుస్తుందని అత్తయ్యగారి మాట. మీరు కొనేటప్పుడు కూడా అలాగే చూడండి. మిషన్ మీద చేసి తెచ్చినవీ ఆ కొట్లలోనే వేలాడుతుంటాయి.

ఆ సాయంత్రం అత్తయ్యగారు తన సంగతి చెప్పారు. పెళ్ళై పదిహేనేళ్ళయినా నాకు తెలియని సంగతి. పన్నెండో ఏట క్రోషా సూది పట్టారట. దారం కండెల లెక్కన కూలి. సావుకారు మనిషి వచ్చి దారం ఇచ్చి, అల్లింది పట్టుకుపోయేవాడు. అది ఎక్కడికి పోయేదో, ఎంతకి అమ్మేవాళ్ళో తెలియదు. "మా అమ్మ అల్లింది, నేను అల్లాను, మా చెల్లెళ్ళూ అల్లారు. ఉద్యోగం చేశామని మాత్రం ఎవరూ అనలేదు. ఖాళీగా కూర్చోకుండా అల్లుకుంటున్నారనేవాళ్ళు."

నరసాపురం లేసుది కూడా పాత కథే. 19వ శతాబ్దంలో క్రైస్తవ మిషనరీల ద్వారా గోదావరి జిల్లాలకి వచ్చింది. అక్కడి నుంచి విదేశాలకి ఎగుమతయింది. 2024లో జీఐ గుర్తింపు వచ్చింది. మరియా మీస్ అనే జర్మన్ సామాజికవేత్త అక్కడి ఆడవాళ్ళ మధ్య తిరిగి రాసిన పుస్తకం 1982లో అచ్చయింది. ఆవిడ తేల్చింది కూడా మా అత్తయ్యగారు చెప్పిందే. ప్రపంచ మార్కెట్‌కి సరుకు తయారు చేస్తున్న ఆడవాళ్ళని "ఇంట్లో కూర్చునే గృహిణులు" అని లెక్కేయడం వల్లే కూలి అంత తక్కువగా ఉంచగలిగారు అని. లెఫ్కరాలోనూ లేసు చేసింది ఆడవాళ్ళు, మూటలు కట్టుకుని యూరప్ దేశాలు తిరిగి అమ్మింది మగవాళ్ళు. ఈ రోజుల్లో గోదావరి జిల్లాల నుంచి ప్రయాణాలు కడుతున్నది మాత్రం ఆడవాళ్ళే. అది నికోసియాలో చూశాం.

నికోసియాలో గీత, నికోసియాలో ఆదివారం

రాజధాని నికోసియా లెఫ్కరాకి గంట లోపు దూరం. 1567లో వెనీస్ వాళ్ళు కట్టడం మొదలుపెట్టిన గుండ్రని కోటగోడ, దానికి 11 బురుజులు. ఆ గుండ్రాన్ని అడ్డంగా కోస్తూ ఒక గీత. 1963 డిసెంబరులో గ్రీకు, టర్కిష్ సైప్రియట్ల మధ్య గొడవలు చెలరేగినప్పుడు ఒక బ్రిటిషు జనరల్ మ్యాపు మీద ఆకుపచ్చ పెన్సిలుతో గీశాడు. అందుకే గ్రీన్ లైన్ అంటారు. 1964 మార్చిలో ఐక్యరాజ్యసమితి సేనలు వచ్చాయి. వాటికి నాయకత్వం వహిస్తూ 1965 డిసెంబరులో అక్కడే కన్నుమూసింది మన జనరల్ తిమ్మయ్య. సైప్రస్ ఆయన పేర తపాలా బిళ్ళ కూడా వేసింది. కెనడా సైనికులు 1964 నుంచి 1993 వరకూ విడతలు విడతలుగా కాపలా కాశారు. మొత్తం 25,000 మందికి పైగా. వారిలో 28 మంది తిరిగి రాలేదు. మా బాబు ప్రశ్నకి జవాబు ఇది. ఆ పువ్వు పెట్టుకునేటప్పుడు వీళ్ళనీ తల్చుకోమని చెప్పాను.

1974 జులైలో అక్కడ సైనిక కుట్ర, అయిదు రోజులకే టర్కీ సైన్యం దిగడం. దీవి రెండు ముక్కలైంది. లక్షన్నరకు పైగా గ్రీకు సైప్రియట్లు దక్షిణానికి, నలభై వేలకు పైగా టర్కిష్ సైప్రియట్లు ఉత్తరానికి ఇళ్ళు వదిలి పోయారు. వారంలో తిరిగొస్తామనుకుని తాళం చెవులు పట్టుకుని బయల్దేరినవాళ్ళు ఎందరో. 2003లో దాటడానికి దారులు తెరిచాక, ఆ ఇళ్ళలో వేరేవాళ్ళు కాపురముండడం చూసి వచ్చారు. లెడ్రా వీధిలో బట్టల కొట్ల మధ్య నడుస్తూ నడుస్తూ పాస్‌పోర్టు చూపించే చోటు వస్తుంది. అత్తయ్యగారి వీసా ఒక్కసారి ప్రవేశానికే ఇచ్చారు కాబట్టి మేం దాటలేదు. ఇవతల నుంచే చూశాం.

ఆ రోజు ఆదివారం. ఇళ్ళలో పని చేసే ఆడవాళ్ళకి సెలవు దినం. కోటగోడల చుట్టూ ఉన్న పార్కుల నిండా వాళ్ళే. ఫిలిప్పీన్స్, శ్రీలంక, నేపాల్, వియత్నాం, ఇండియా. దుప్పట్లు పరుచుకుని, డబ్బాలు విప్పుకుని, ఫోన్లలో పిల్లలతో మాట్లాడుకుంటూ. అత్తయ్యగారు ఒక చెట్టు దగ్గర టక్కున నిలబడ్డారు. "ఏవమ్మా, మీదే ఊరు?"

"రాజోలు దగ్గరండీ మామ్మగారూ. మీరు?"

ఇంక చెప్పేదేముంది. అయిదు నిమిషాల్లో దుప్పటి మీద కూర్చున్నాం. చేతిలో పులిహోర పడింది. ఆ అమ్మాయికి ముప్ఫై అయిదు ఉంటాయి. ఒక ముసలావిడని చూసుకునే పని. నాలుగేళ్ళయింది వచ్చి. "మా అమ్మని మా చెల్లెలు చూస్తోందక్కా. నేనిక్కడ వీళ్ళమ్మని చూస్తున్నాను," అంది, నవ్వుతూనే. ఏజెంటుకి కట్టిన అప్పు తీరడానికి రెండేళ్ళు పట్టిందట. ఇంటావిడ మంచిదేనట. "మంచిది కాకపోయినా వెంటనే మారలేంగా. కాగితం వాళ్ళ పేరు మీద ఉంటుంది."

మేం ఎక్కడెక్కడ తిరిగామని అడిగింది. నేను ఫోన్ తీసి ఫొటోలు చూపించాను. ఆఫ్రొడైటీ బండ దగ్గర ఆగి, "ఇది ఇక్కడేనా?" అంది. నాలుగేళ్ళలో చూడలేదు. బస్సెక్కితే రెండు గంటల దూరం. కానీ ఉన్నది ఒక్క ఆదివారం. బట్టలు, ప్రార్థన, డబ్బు పంపడం, పిల్లలతో మాట్లాడడం అన్నీ అందులోనే. "ఆ ఫొటోలు పంపుతారా అక్కా? మా పిల్లలకి పెడతాను. నేను చూశానని చెప్తాను."

పంపాను. మా ముఖాలు లేనివి ఏరి పంపాను.

మనం కూడా వలస వచ్చినవాళ్ళమే. కానీ మనకి వారాంతాలున్నాయి, పీఆర్ ఉంది, అత్తగారిని పిలిపించుకునే వీసా ఉంది. ఉద్యోగం నచ్చకపోతే మారతాం. అదే గోదావరి, అదే యాస, అదే పులిహోర. తేడా అంతా మనం పట్టుకెళ్ళిన కాగితంలో ఉంది.

జాలి పడమని రాయడం లేదు. ఆ అమ్మాయికి మన జాలి అక్కర్లేదు, ఇద్దరు పిల్లల్ని చదివిస్తోంది. కానీ 2019లో ఆ దీవిలో అయిదుగురు విదేశీ ఆడవాళ్ళూ, ఇద్దరు ఆడపిల్లలూ హత్యకు గురైన సంగతి బయటపడింది. వాళ్ళు కనబడడం లేదని ముందే చెప్పినా పోలీసులు పట్టించుకోలేదన్న ఆగ్రహానికి న్యాయశాఖ మంత్రి రాజీనామా చేయాల్సొచ్చింది. పనిమనిషి కనబడకపోతే "ఎక్కడికో పోయుంటుంది" అనుకునే లోకంలో, తమ పేరు తెలిసిన మనుషులు నలుగురు ఉండడం చిన్న సంగతి కాదు.

అందుకని రెండు మాటలు. మొదటిది ఇండియాలో చదువుతున్న మీకు. మీ వీధిలో ఎవరైనా సైప్రస్‌కి ఇంటిపనికో ముసలివాళ్ళని చూసుకునే పనికో బయల్దేరుతుంటే, గల్ఫ్‌కి ఉండే ఎమిగ్రేషన్ క్లియరెన్సు జాబితాలో సైప్రస్ లేదని చెప్పండి. ఆ ఒక్క వడపోత కూడా లేదన్నమాట. ఏజెంటుకి లైసెన్సు ఉందో లేదో ఈ-మైగ్రేట్ వెబ్‌సైటులో చూడమనండి. ఒప్పందం కాగితం ఒక కాపీ ఇంట్లో పెట్టి వెళ్ళమనండి. యజమాని పేరు, చిరునామా, నికోసియాలోని ఇండియన్ హైకమిషన్ నంబరు ఇంట్లోవాళ్ళ దగ్గర ఉండాలి. పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇవ్వొద్దనండి.

రెండోది మన గ్వెల్ఫ్, కిచెనర్, మిస్సిసాగా వాళ్ళకి. సైప్రస్ వెళ్ళండి. సముద్రం చూడండి, మొజాయిక్‌లు చూడండి, లేసు కొంటే కూర్చుని కుట్టిన మనిషి దగ్గరే కొనండి. టికెట్లు కొనేటప్పుడు మాత్రం ఒక ఆదివారం నికోసియాకి వచ్చేలా చూసుకోండి. ఒక పచ్చడి సీసా, రెండు కారప్పొడి పొట్లాలు సూట్‌కేసులో ఎక్కువ పెట్టుకోండి. పార్కులో తెలుగు వినబడితే ఆగండి. కారులో చోటుంటే ఆ పూట పాఫోస్ దాకా తీసుకెళ్ళడం ఇంకా మంచిది, సాయంత్రానికి తిరిగొచ్చేయొచ్చు.

అత్తయ్యగారు వచ్చిన దగ్గర్నుంచి మళ్ళీ క్రోషా సూది పట్టారు. మా పాపకి నేర్పుతున్నారు. ఈ వేసవిలో మనం కలిసినప్పుడు నేర్చుకోవాలనుకునేవాళ్ళు గ్రూపులో పేరు రాయండి. నేర్పినందుకు ఆవిడకి గంటకింత అని ఇద్దాం. ఇదీ పనేనని మనమైనా లెక్కేద్దాం. ఆవిడ వద్దంటారు, వినకండి.

వీసా గురించి, పెద్దవాళ్ళ ట్రావెల్ ఇన్సూరెన్స్ గురించి అడగాలనుకున్నవాళ్ళు నాకు విడిగా మెసేజ్ పెట్టండి. వచ్చే నెల కలుద్దాం.